పులిపిరి అనుకున్న బుడిపె, మెలనోమా కావచ్చన్న రిపోర్టు

పల్నాడు జిల్లా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. అందులోని సంగతి ఇదీ.

పాపకి ఏడేళ్లు. పోయిన దసరా సెలవుల్లో ఎడమ పిక్క మీద పెసరగింజంత గులాబీరంగు బుడిపె కనిపించింది. సంక్రాంతి నాటికి శనగగింజంత అయింది. బడి సాక్సు ఒరుసుకున్నప్పుడల్లా రక్తం చిమ్మేది. నాయనమ్మ పులిపిరి అనుకుని సున్నం, చాకలి సోడా కలిపి పెట్టారు. పుండై మానింది గానీ బుడిపె పోలేదు. జనవరి చివర తల్లే పాపని చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన కూడా పులిపిరే అని కరెంటు సూదితో కాల్చేశారు. ముక్క పరీక్షకి పంపలేదు. ఏప్రిల్లో కాలిన మచ్చ అంచునే మళ్ళీ బుడిపె లేచింది. పట్నంలో ఒక సర్జన్ తొమ్మిది రోజుల కిందట దాన్ని తీసి ల్యాబుకి పంపారు. రిపోర్టులో "స్పిట్జ్ తరహా కణితి, మెలనోమా కావచ్చు, ప్రత్యేక పరీక్షలతో సరిచూసుకోవాలి" అని ఉంది. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్. మందం 2.1 మి.మీ., అడుగు అంచులో ఇంకా కణాలు మిగిలి ఉన్నాయి.

సర్జన్ రెండు వారాల్లోగా చుట్టూ 2 సెం.మీ. మేర కోసి, తొడ చర్మం తెచ్చి అతికి, గజ్జల్లో గ్రంథులన్నీ (బిళ్ళలు కట్టేవి) తీసేయాలంటున్నారు. భర్త రేపే అంటే రేపే అంటున్నారు. అత్తగారు మాత్రం కత్తి పెడితే పాకుతుందనీ, ఆడపిల్ల విషయం ఎవరికీ తెలియకూడదనీ పట్టుబట్టారు. న్యూజెర్సీలో ఉన్న ఆడపడుచు మెలనోమా తెల్లవాళ్ళ జబ్బు, ముందు పెట్ స్కాన్ (కేన్సర్ ఎక్కడెక్కడ ఉందో ఒళ్ళంతా వెతికే స్కాన్) తీయించండి అంటోంది. ఇంకో దిగులూ ఉంది. ఎనిమిది నెలల బాబుకి వీపు మీద పుట్టుకతోనే వెంట్రుకలున్న పెద్ద నల్లమచ్చ. భార్యాభర్తలది మేనరికం. ఉత్తరం చివర ఇలా రాశారు: "కాల్పించింది నేనే. నా వల్లే పాకిందా?"

అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. అది మనసులో ముల్లులా ఉన్నంతకాలం మిగతావేవీ మీకు వినపడవు.

మీవల్ల పాకలేదు. సున్నం పెట్టినందుకో, కాల్చినందుకో మామూలు మచ్చ కేన్సర్‌గా మారదు. ముక్క తీయడంవల్ల, కోయడంవల్ల మెలనోమా పాకుతుందన్నదీ నిజం కాదు. ఈ మాట అత్తగారికి కూడా చెప్పండి. పెద్దావిడ భయం ఎక్కడిదో నాకు తెలుసు. బాగా ముదిరాక ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులకే పోవడం ఆ తరం కళ్ళారా చూసింది. వాళ్ళని తీసుకెళ్ళింది ముదిరిన జబ్బు, కత్తి కాదు. మీ పాప విషయంలో కాల్చడంవల్ల నష్టం జరిగిన మాట వాస్తవమే. అయితే అది సాక్ష్యానికి జరిగిన నష్టం, పాప ఒంటికి కాదు. మొదటి బుడిపె ఏమిటో చెప్పగల కణజాలం బూడిదైపోయింది. మళ్ళీ లేచిన దాన్ని చదవడం అందుకే ఇప్పుడింత కష్టమవుతోంది.

డాక్టరుకైనా ఎందుకు తట్టలేదని మీకు కోపం రావచ్చు. పదేళ్లలోపు పిల్లల్లో మెలనోమా పది లక్షల మందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుంది, అదీ ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో. పిల్లల కాలి మీద గులాబీ బుడిపె అంటే దాదాపు ప్రతిసారీ అది పులిపిరో, దెబ్బ తగిలినచోట పెరిగే రక్తపు బుడిపో అవుతుంది. పులిపిరి అనుకోవడంలో పెద్ద తప్పు లేదు. రక్తం కారుతూ నాలుగు నెలలుగా పెరుగుతున్న దాన్ని ముక్క పంపకుండా కాల్చడం మాత్రం తప్పే. ఒంటి మీద ఏ బుడిపె తీసినా, అది ఎంత చిన్నదైనా, ఫార్మలిన్ సీసాలో ల్యాబుకి వెళ్ళాల్సిందే.

పెద్దవాళ్ళ మెలనోమాకి అందరూ చెప్పే గుర్తులున్నాయి. మచ్చ రెండు సగాలూ ఒకలా ఉండవు, అంచులు వంకరగా ఉంటాయి, రెండు మూడు రంగులు కనిపిస్తాయి, 6 మి.మీ. దాటుతుంది, మారుతూ ఉంటుంది. పిల్లల్లో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలనలో పదేళ్లలోపు పిల్లల్లో నూటికి 60 మందికి, 11 నుంచి 19 ఏళ్ల వాళ్ళలో నూటికి 40 మందికి ఈ గుర్తులు సరిపోలేదు. పిల్లల్లో అది నల్లగా ఉండకపోవచ్చు. గులాబీగానో ఎర్రగానో ఒకే రంగులో, గుండ్రంగా, ఉబ్బెత్తుగా, అంతకుముందు మచ్చే లేనిచోట కొత్తగా లేస్తుంది. ఒరిసితే రక్తం వస్తుంది. ఎంత చిన్నదైనా కావచ్చు. మారడం ఒక్కటే పెద్దలకీ పిల్లలకీ ఉమ్మడి గుర్తు. మీరు పెసరగింజ, శనగగింజ అని కొలతలు పెట్టి రాశారు చూడండి, ఏ డాక్టరుకైనా అంతకన్నా పనికొచ్చే సమాచారం ఉండదు.

ఇప్పుడు రిపోర్టు సంగతి. మీ ఇంట్లో అందరూ "మెలనోమా" అన్న మాటనే పట్టుకున్నారు. దాని పక్కనే "కావచ్చు" అని ఉంది. ఆ తర్వాత "ప్రత్యేక పరీక్షలతో సరిచూసుకోవాలి" అని ఉంది. రాసిన పాథాలజిస్టు, అంటే ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బేమిటో చెప్పే డాక్టరు, నిజాయితీగా రాశారు. తనకి ఖాయంగా తెలియలేదని చెప్పారు. దాన్ని తీర్పుగా తీసుకుని పెద్ద సర్జరీకి తేదీ పెట్టడమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు.

స్పిట్జ్ అన్న పేరు వెనక కథ వింటే మీకు కొంత ధైర్యం వస్తుంది. న్యూయార్క్‌లో సోఫీ స్పిట్జ్ అనే పాథాలజిస్టు 1948లో కొందరు పిల్లల మచ్చల గురించి రాశారు. సూక్ష్మదర్శినిలో అవి అచ్చం మెలనోమాలా ఉన్నాయి, ఆమె వాటిని చిన్ననాటి మెలనోమాలనే అన్నారు. కానీ ఆ పిల్లలు దాదాపు అందరూ బతికి బాగున్నారు. చూడటానికి భయంకరం, నడవడి సాధువు అయిన మచ్చలు పిల్లల్లో ఉంటాయని వైద్యలోకానికి అలా తెలిసింది. ఇవాళ వాటిని స్పిట్జ్ మచ్చలంటారు. గులాబీరంగులో, పిల్లల ముఖం మీదో కాళ్ల మీదో, కొన్ని నెలల్లో త్వరగా పెరగడం వాటి లక్షణం. మీ పాప బుడిపె వర్ణన దీనికి సరిపోతుంది. దురదృష్టం ఏమిటంటే పిల్లల మెలనోమాలో ఒక రకం కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఎటూ తేలని కణితులూ ఉన్నాయి, వాటిని అసాధారణ స్పిట్జ్ కణితులంటారు. ఈ మూడింటినీ విడదీయడంలో పండిపోయినవాళ్ళే ఒకే స్లైడుకి వేరువేరు పేర్లు పెట్టిన సందర్భాలు నమోదయ్యాయి. కాబట్టి రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టరుని అవమానించడం కాదు. ఈ జబ్బులో అది మామూలు పద్ధతి.

మీరు పంపిన రిపోర్టు ఫొటోలో పైభాగం మరోసారి చూడండి. వయసు దగ్గర గీత గీసి వదిలేశారు. రోగి వివరాల దగ్గర "పులిపిరి, ఎడమ కాలు" అని మాత్రమే ఉంది. నాలుగు నెలల కిందట అక్కడే కాల్చారన్న ముక్క ఎక్కడా లేదు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన విషయం ఇదే. నలభై ఏళ్ల మనిషి కాలి మీద కొత్తగా లేచిన స్పిట్జ్ తరహా కణితిని పాథాలజిస్టు ఒకలా అనుమానిస్తారు, ఏడేళ్ల పిల్లదాన్ని ఇంకోలా చూస్తారు. పైగా సగం కాలిన మచ్చ గాయపు మచ్చలోంచి తిరిగి మొలిచినప్పుడు దాని కణాలు వరస తప్పుతాయి, చర్మం పైపొరల్లోకి ఎగబాకుతాయి, అచ్చం మెలనోమా వేషం వేస్తాయి. కాల్చిన కొద్ది నెలల్లో లేచినవాటిలో ఇది తెలిసిన చిక్కే. అంటే మీ పాపది తప్పకుండా మామూలు మచ్చేనని నేను చెప్పడం లేదు. మెలనోమా కూడా కాల్చాక మళ్ళీ లేవగలదు. ఈ రెండు సంగతులూ తెలియకుండా స్లైడు చదివారు, తెలిసి మళ్ళీ చదవాలి అంటున్నాను.

దానికి చేయాల్సిన పని కష్టమైనది కాదు, కానీ జాగ్రత్తగా చేయాలి. సర్జన్ దగ్గర ఉత్తరం తీసుకుని ల్యాబుకి వెళ్ళండి. స్లైడ్లు ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోవద్దు. పారఫిన్ బ్లాకులు అన్నీ అడగండి. అవి మైనంలో పొదిగిన కణజాలపు ముక్కలు, చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లా ఉంటాయి. ప్రత్యేక పరీక్షలకి కొత్తగా పొరలు కోయాల్సింది వాటిలోంచే. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. రసీదు తీసుకోండి. ఆ మైనం 60 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కాబట్టి మన ఎండల్లో తలుపులు మూసిన కారులో, డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. స్లైడ్లు గాజువి, కొరియర్లో పంపాల్సివస్తే స్లైడు పెట్టెలో, దూది సర్ది పంపండి. వీలైతే మీరే చేతికి ఇవ్వండి. పాప శరీరం నుంచి ఈ ముక్క ఒక్కసారే వస్తుంది. పోతే మళ్ళీ రాదు.

బ్లాకులతో పాటు ఒక కాగితం జతచేయండి. పాప వయసు, బుడిపె ఉన్న చోటు, మొదట కనిపించిన నెల, నెలనెలా ఎంత పెరిగింది, రంగు, రక్తం వచ్చిందని, సున్నం పెట్టినది ఎప్పుడు, కాల్చినది ఏ తేదీన, మళ్ళీ లేచినది ఎప్పుడు, ఇంట్లో ఎవరికైనా చర్మ కేన్సర్ ఉందా, ఇవన్నీ రాయండి. మీ ఫోన్లో పాత ఫొటోలు వెతకండి. పిక్క కనిపించే పండగ ఫొటో ఏదైనా దొరకొచ్చు. అనుకోకుండా పడిన అలాంటి ఫొటోలు చాలాసార్లు విలువైన ఆధారాలవుతాయి.

ఎక్కడికి పంపాలి? చర్మ కణితులు ఎక్కువగా చదివే పాథాలజిస్టు ఉన్నచోటికి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆస్పత్రి, ముంబయిలో టాటా మెమోరియల్ మీరు ఆలోచించదగినవి. మీకు విశాఖ, హైదరాబాద్ రెండూ రైలు దూరమే. ఫలానా పరీక్ష ఆ ఆస్పత్రిలో చేస్తారా, బయటికి పంపుతారా అన్నది ముందే ఫోన్‌ చేసి తెలుసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ఉంటే తీసుకెళ్ళి, ఈ పరీక్షలకి వర్తిస్తుందో లేదో అక్కడి ఆ పథకం సహాయకులని అడగండి. కొన్నిటికి చేతి నుంచి పెట్టుకోవాల్సిరావచ్చు.

అక్కడ ఏం చూస్తారో కొద్దిగా తెలిస్తే మాటలు అర్థమవుతాయి. మామూలు స్పిట్జ్ మచ్చలో కణాలు పైన పెద్దగా ఉండి, లోపలికి పోయేకొద్దీ చిన్నబడతాయి, సద్దుమణుగుతాయి. మెలనోమాలో అడుగున కూడా పెద్దగా, చీలుతూ కనిపిస్తాయి. రంగులద్ది చేసే పరీక్షల్లో ఎస్-100, సాక్స్-10, మెలాన్-ఎ అన్నవి ఇది మచ్చకణాల కణితేనా అన్నది తేలుస్తాయి, మంచిదా చెడ్డదా అన్నది చెప్పవు. దానికి హెచ్‌ఎంబీ-45, కీ-67, పి16 కొంత సాయపడతాయి. కీ-67 ఎన్ని కణాలు చీలుతున్నాయో చూపిస్తుంది. పి16 అనే ప్రోటీను పూర్తిగా పోయి ఉంటే అనుమానం పెరుగుతుంది. అప్పటికీ తేలకపోతే జన్యు పరీక్షలు, ముఖ్యంగా 9వ క్రోమోజోములో ఒక భాగం రెండు ప్రతుల్లోనూ పోయిందా అని చూసే ఫిష్ పరీక్ష, టెర్ట్ అనే జన్యువులో మార్పు కోసం చూసే పరీక్ష ఉంటాయి. ఏ ఒక్క పరీక్షా తీర్పు చెప్పదు. అన్నీ కలిపి, వయసుతో కలిపి, చరిత్రతో కలిపి చదవాలి. 2.1 మి.మీ. అన్న మందం కూడా కాలిన మచ్చలో కొలిచినది కాబట్టి దాన్నీ మళ్ళీ కొలవమని అడగండి.

ఇక మీముందున్న దారులు. సర్జన్ చెప్పినట్టే రెండు వారాల్లో పెద్ద ఆపరేషన్ చేయించడం ఒకటి. మీ భర్త ఇదే కోరుతున్నారు, ఆ తొందర వెనక ఉన్నది ప్రేమే. చివరికి మెలనోమా అని తేలితే చుట్టూ వెడల్పుగా తీయడం ఎలాగూ కావాల్సిన పనే. కానీ స్పిట్జ్ మచ్చ అని తేలితే ఏడేళ్ల పిల్లకి పిక్క మీద గుంట, తొడమీద అతుకు మచ్చ, అన్నిటికన్నా ఘోరంగా గజ్జల్లో గ్రంథులు పోయినందుకు కాలు జీవితాంతం బోదకాలులా వాచే ప్రమాదం, ఇవన్నీ ఊరికే మిగులుతాయి. మెలనోమా అని తేలినా సరే, గ్రంథులన్నీ మొదటే తీసేయడం ఇప్పటి పద్ధతి కాదు. ముందు కణితి నుంచి ద్రవం మొదట చేరే ఒకటి రెండు గ్రంథుల్ని రంగుతో, కొద్దిపాటి రేడియో మందుతో గుర్తించి తీసి చూస్తారు. దాన్ని సెంటినల్ నోడ్ పరీక్ష అంటారు. అందులో కణాలు దొరికినవాళ్ళకి కూడా వెంటనే మిగతా గ్రంథులన్నీ తీసేస్తే ఆయుష్షు పెరగలేదని పెద్దవాళ్ళ మీద జరిగిన పెద్ద పరిశోధన 2017లో చూపించింది. ఇంకో చిక్కు ఉంది. ఈ పరీక్ష వెడల్పు కోతతో కలిపి ఒకేసారి చేయాలి. ముందే వెడల్పుగా కోసి చర్మం అతికేస్తే ద్రవం పారే దారులు మారిపోతాయి, ఆ తర్వాత అసలు గ్రంథి ఏదో నమ్మకంగా పట్టుకోలేరు. తొందరపడితే అవసరమైన పరీక్షనే పోగొట్టుకుంటారు.

అత్తగారు చెప్పినట్టు కత్తి పెట్టకుండా వదిలేయడం ఇంకొకటి. దీన్ని నేను ఒప్పుకోలేను. అడుగు అంచులో కణాలు మిగిలి ఉన్నాయి. మంచి మచ్చయినా అది మళ్ళీ లేస్తుంది, మూడోసారి చదవడం ఇంకా కష్టమవుతుంది. చెడ్డదైతే పోగొట్టుకునే నెలలు తిరిగి రావు.

ఈ రెండింటి మధ్య దారి, నేనైతే మొగ్గేది, స్లైడ్లు మళ్ళీ చదివించడం ముందు, కోత తర్వాత, కానీ గడువు పెట్టుకుని. ముక్క తీసిన రోజు నుంచి ఆరు వారాల్లోపు రెండో సర్జరీ అయ్యేలా చూసుకోండి. తొమ్మిది రోజులు గడిచాయి. బ్లాకులు చేరడానికి, చదవడానికి, ప్రత్యేక పరీక్షలకి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగు వారాల తర్వాత ఒక తేదీకి ఇప్పుడే సర్జరీ అపాయింట్‌మెంటు తీసుకోండి. ఎంత కోయాలన్నది అప్పటికి వచ్చిన జవాబు చెబుతుంది. మీ భర్తకి తేదీ కావాలి, అది దొరుకుతుంది.

జవాబు స్పిట్జ్ మచ్చ అని వస్తే మిగిలినదాన్ని కొద్ది మిల్లీమీటర్ల అంచుతో తీసేస్తే చాలు, గ్రంథుల జోలికి వెళ్ళరు. అసాధారణ స్పిట్జ్ కణితి అని వస్తే అంచులు శుభ్రమయ్యేలా, అవసరమైతే 1 సెం.మీ. దాకా తీసి, మూడు నుంచి ఆరు నెలలకోసారి చర్మం, గజ్జలు చూస్తూ కొన్నేళ్లు కనిపెట్టి ఉంటారు. ఈ రకంలో సెంటినల్ పరీక్ష చేస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి. ఇలాంటి పిల్లల్లో ఆ గ్రంథిని చూసినప్పుడు నూటికి దాదాపు నలభై మందికి కణాలు కనిపించాయి, అయినా దాదాపు అందరూ క్షేమంగానే ఉన్నారు. అంటే అక్కడ కణాలు దొరికాయన్న మాట మిమ్మల్ని భయపెట్టడానికి తప్ప దారి చూపడానికి అంతగా పనికిరాదు. అందుకే చాలామంది నిపుణులు ఆ పరీక్ష చేయకుండా అల్ట్రాసౌండ్‌తో గమనిస్తారు. మెలనోమా అనే వస్తే 1 నుంచి 2 సెం.మీ. వెడల్పు కోత, పిల్ల కాలి సైజుని బట్టి, దాంతోపాటే సెంటినల్ పరీక్ష. అప్పుడు చిన్నపిల్లల కేన్సర్ వైద్యుడు, సర్జన్, పాథాలజిస్టు కలిసి కూర్చునే ఆస్పత్రిలోనే చేయించండి. గ్రంథిలో ఉన్నా అది దారి మూసుకుపోవడం కాదు. తర్వాతి మందుల గురించి మాట్లాడేది ఆ బృందమే.

పెట్ స్కాన్ ఇప్పుడు వద్దు. పేరే తేలని కణితికి అది ఏమీ చెప్పదు. పిల్లకి రేడియేషన్ మాత్రం తగులుతుంది. పైగా చెప్పుల్లేకుండా ఆడే మన పిల్లలకి ముల్లు గుచ్చుకున్నా, గజ్జి లేచినా గజ్జల్లో బిళ్ళలు కడతాయి. ఇప్పుడైతే కాలి మీద ఆపరేషన్ పుండు కూడా ఉంది. స్కాన్‌లో అవి వెలిగితే ఇంట్లో నిద్రలుండవు. గజ్జలకి అల్ట్రాసౌండ్ చాలు.

మీ ఆడపడుచు అన్నదాంట్లో సగం నిజం. ఎండకి కమిలే తెల్ల చర్మం వాళ్ళకి మెలనోమా మనకన్నా చాలా ఎక్కువ, ఆస్ట్రేలియాలో మరీ ఎక్కువ. కానీ మన రంగు వాళ్ళకి రాదని కాదు. మనలో అది అరికాలు, అరచెయ్యి, గోరు కింద ఎక్కువగా వస్తుంది, ఎండ తగలని చోట. చిన్నపిల్లల్లో వచ్చే స్పిట్జ్ తరహాకీ, పెద్ద పుట్టుమచ్చలోంచి వచ్చే రకానికీ కూడా ఎండతో పెద్దగా పని లేదు.

మేనరికం గురించి మీ అత్తింట్లో ఏదో మాట అన్నారని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. స్పిట్జ్ కణితులు గానీ, బాబు వీపు మీది మచ్చ గానీ మేనరికంవల్ల రావు. బాబుది కడుపులో పిండంగా ఉన్నప్పుడే ఒక కణంలో జరిగిన మార్పు, అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. మేనరికంలో ఎక్కువగా కనిపించే ఒక చర్మవ్యాధి ఉంది, జీరోడెర్మా పిగ్మెంటోసం. అందులో పిల్లలకి రెండేళ్లు నిండకముందే ఎండ తగిలే చోట్లంతా చుక్కలు చుక్కలుగా మచ్చలు వస్తాయి, కాసేపు ఎండలో ఉన్నా చర్మం కమిలిపోతుంది, కళ్ళు వెలుగు చూడలేవు. పదేళ్ల లోపే చర్మ కేన్సర్లు రావచ్చు. మీ ఇద్దరు పిల్లలకీ అలాంటిది లేదని మీరే రాశారు. కాబట్టి ఆ దిగులు అక్కడ వదిలేయండి.

బాబు మచ్చ మాత్రం విడిగా చూపించాల్సిందే. డిశ్చార్జి కాగితంలో పుట్టినప్పుడు 8 సెం.మీ. అని ఉందన్నారు. వీపు మీది మచ్చ పిల్లతోపాటే పెరిగి పెద్దయ్యేసరికి దాదాపు 2.8 రెట్లు అవుతుంది, అంటే 22 సెం.మీ. పైన. 20 దాటేవాటిని పెద్ద పుట్టుమచ్చలంటారు. చిన్నవాటిలో మెలనోమా జీవితకాలంలో నూటికి ఒకరికన్నా తక్కువే. పెద్దవాటిలో నూటికి రెండు నుంచి ఐదు దాకా చెబుతారు. తొంభై అయిదు మందికి పైగా ఏమీ కాదన్నమాట. వచ్చేవాళ్ళలో సగం మందికి మొదటి ఐదేళ్లలోనే వస్తుంది. ఇక్కడ కంటితో చూడటం చాలదు, చేత్తో తడమాలి. ఈ మచ్చల్లో మెలనోమా లోపల్నుంచి మొదలవుతుంది, పైకి రంగు మారకముందే గట్టి గడ్డలా చేతికి తగులుతుంది. నెలకోసారి నూనె రాసేటప్పుడు వేళ్ళతో నిదానంగా తడమండి, పక్కన స్కేలు పెట్టి ఒకే వెలుతురులో ఫొటో తీయండి. కొత్త గడ్డ కనిపిస్తే వారంలోపు చూపించండి. పసిపిల్లల్లో ఇలాంటి గడ్డలు చాలావరకు మెలనోమా కాదు, పెరిగి ఆగిపోయేవే. అయినా తేల్చాల్సింది డాక్టరే.

మచ్చ చుట్టూ చిన్న మచ్చలు నాలుగైదు ఉన్నాయన్నారు కదా. ఒకటికన్నా ఎక్కువ ఉన్న పిల్లల్లో అవే కణాలు మెదడు పొరల్లో కూడా ఉండే అవకాశం ఉంది. అందుకని ఎంఆర్‌ఐ చేస్తారు. ఆరు నెలల్లోపు చేస్తే బాగా కనిపిస్తుంది, తర్వాత మెదడు ఎదుగుదల వాటిని కొంత కప్పేస్తుంది. ఎనిమిది నెలలకైనా పిల్లల నరాల డాక్టరుని అడగడం ఆలస్యం కాదు. మత్తిచ్చి చేయాలి కాబట్టి లాభనష్టాలు ఆయనే చెబుతారు. మూర్ఛ, ఆగని వాంతులు, తల కొలత త్వరగా పెరగడం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెళ్ళండి. ఆ మచ్చకి కరెంటు సూది, లేజరు, పసరు ఏదీ వద్దు. వెంట్రుకలు కత్తిరించుకోవచ్చు.

ఎవరికీ చెప్పొద్దన్న అత్తగారి మాట మీద ఆమెతో పోట్లాడకండి, ఇప్పుడు మీకు ఆమె సాయం కావాలి. బంధువులకి చెప్పకపోయినా ఫర్వాలేదు. బడిలో క్లాసు టీచరుకి మాత్రం కాలికి ఆపరేషన్ అయిందని, కుట్లు మానేదాకా ఆటలు వద్దని చెప్పాలి. పాపకి కూడా చెప్పాలి. తను అందరి మొహాలూ చూస్తూనే ఉంటుంది. "కాలి మీద బుడిపె కొంచెం మిగిలింది, దాన్ని తీసేయాలి, నిద్రమందు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను" అంటే ఏడేళ్ల పిల్లకి సరిపోతుంది. కాల్చినప్పుడు నొప్పి పుట్టిందని, ఇంకెప్పుడూ ఆస్పత్రికి రానని ఏడ్చిందని రాశారు. ఈసారి అలా ఉండదని ముందే చెప్పి, సూది గుచ్చేచోట మత్తు క్రీము గంట ముందు రాయమని నర్సుని అడగండి.

రేపు ఉదయం ల్యాబు తెరవగానే బ్లాకుల కోసం వెళ్ళండి. వయసు, కాల్చిన తేదీ రాసిన ఆ కాగితం ఈ రాత్రే సిద్ధం చేసుకోండి.